నాలుగు మార్కుల పరుపు

మా నార్డ్‌బీ ఊళ్ళో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారే సరేననేవాడు పై రాష్ట్రం వాడైనా అయ్యుండాలి, పెంపకం సరిగ్గా లేనివాడైనా అయ్యుండాలి. మొదటిసారి అడిగితే "అబ్బే, వద్దండీ" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు మాత్రం "సరే, ఎలాగూ కాచానంటున్నారు కదా, అరకప్పు" అనాలి. ఆ అరకప్పు తర్వాత నాలుగు కప్పులు తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. మిన్నెసోటా ఉత్తరాన ఏడాదిలో ఐదు నెలలు మంచు కింద ఉండే ఊరిది. ఒకరినొకరు బతిమాలుకోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది.

ఈ వద్దనే విద్యలో ఆర్విడ్ ట్వెయిట్‌ని మించినవాడు లేడు. వయసు అరవై ఒకటి. ముప్ఫై మూడేళ్ళుగా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతున్నాడు. ఒకసారి ఆ లారీ జారి రోడ్డు పక్క గోతిలో పడింది. సగం మంచులో మునిగింది, సగం పైకి తేలింది. అటుగా వెళ్తున్న రైతు ట్రాక్టర్ ఆపి "లాగనా?" అని అడిగితే, పక్కకి ఒరిగిపోయిన కిటికీలోంచి తల బయట పెట్టి "వద్దులే, నువ్వేదో పనిమీద వెళ్తున్నట్టున్నావు" అన్నాడు. ఆ రైతు మా ఊరివాడు కాబట్టి సరిపోయింది. మూడోసారి కూడా అడిగాడు. లేకపోతే ఆర్విడ్ వసంతం దాకా అక్కడే ఉండేవాడు.

భార్య లవోన్ స్కూల్లో వంట చేస్తుంది. గంతకు తగ్గ బొంత. ఆమె పుట్టినరోజుకి కేకు కోస్తే, అందరూ తిన్నాక మిగిలిన చివరి ముక్కని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, ఆ ముక్క కూడా ఎవరికైనా కావాలేమోనని పళ్ళెంలో ఉంచేసే మనిషి. ఇలాంటి ఇద్దరు ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసినా ఒక్క మాట పైకి కిందకి కాలేదంటే నమ్మాలి. కానీ ఆ కాపురానికి జనవరి మొదటివారంలో గండం వచ్చింది. పరుపు రూపంలో వచ్చింది.

ఆ పరుపుకి ఇరవై మూడేళ్ళు. అమ్మిన దుకాణం మూతపడి అక్కడ చేపలకి ఎరలమ్మే కొట్టు వచ్చి కూడా పదేళ్ళయింది. ఆర్విడ్ పడుకునే వైపు గొయ్యి పడింది. ఆర్విడ్ చిన్న మనిషి కాడు, గొయ్యీ చిన్నది కాదు. లవోన్ తన వైపున ఎంత అంచుకి పడుకున్నా తెల్లారేసరికి దొర్లుకుంటూ వచ్చి అందులో పడేది. ఒక రోజు రాత్రి భోజనం కాగానే తలగడ చంకలో పెట్టుకుని, కుట్టుమిషను గదిలో ఉన్న ఒంటి మంచం వైపు నడిచింది.

"నువ్వు మూడున్నరకే లేవాలి కదా. నేను మీద పడి నీ నిద్ర చెడగొట్టడం ఎందుకూ?" అంది.

"అదేం లేదు. ఇక్కడే పడుకో," అన్నాడు ఆర్విడ్.

"పర్లేదులే."

మర్నాడు సూపు తాగుతూ మళ్ళీ అడిగాడు. "మన మంచం మీదకి వచ్చెయ్యరాదూ?"

"అక్కడ బానే ఉంది. నీకెందుకు ఇబ్బంది," అంది లవోన్, అతని గిన్నెలో ఇంకో గరిటె పోస్తూ.

ఆ సాయంత్రమే మంచు తుఫాను పట్టుకుంది. ఆర్విడ్ మూడు రోజులు లారీలోనే గడిపి ఇంటికొచ్చేసరికి కుట్టుమిషను గదిలో రేడియో, గడియారం, కళ్ళజోడు పెట్టె అన్నీ చక్కగా అమరిపోయి ఉన్నాయి. అంత బాగా సర్దుకున్న మనిషిని మళ్ళీ కదపడం బాగుండదనుకుని ఊరుకున్నాడు.

ఊరుకున్నాడు గానీ ఆమె లేని మంచం అతనికి బాగా లేదు. లవోన్ పాదాలు ఏ కాలంలోనైనా మంచుగడ్డలే. ముప్ఫై ఆరేళ్ళుగా వాటిని తెచ్చి అతని పిక్కలకి ఆనించేది, అతను "అబ్బా" అనేవాడు, తర్వాత ఇద్దరూ నిద్రపోయేవారు. ఇప్పుడా అబ్బా లేక అతనికి నిద్ర రావడం లేదు. ఆమె మీద బెంగ పెట్టుకున్నాడు. పక్క గదిలో ఉన్న పెళ్ళాం మీద బెంగేమిటని మీరు నవ్వొచ్చు. దూరదేశం వెళ్ళిన మనిషైతే ఉత్తరమైనా రాయొచ్చు, గోడ అవతల మనిషికి ఏం రాస్తాడు? ఆలోచించి ఆలోచించి తప్పంతా పరుపుదేనని తీర్మానించుకున్నాడు. మంచి పరుపు కొంటే ఆమె తనంతట తనే వచ్చేస్తుంది. మా ఊరి మగవాడికి పెళ్ళాంతో మాట్లాడడం కన్నా పరుపు కొనడం తేలిక.

పరుపుల దుకాణం తొంభై మైళ్ళ దూరంలో ఉంది. పైగా అక్కడ అమ్మేవాడి ఎదురుగా బూట్లు విప్పి పడుకుని చూడాలి. మేజోళ్ళతో పరాయివాడి ముందు పడుకునే అలవాటు ట్వెయిట్ల వంశంలో ఎవరికీ లేదు. అందుకని ఆన్‌లైన్‌లోనే కొనాలని, ఆరు వందల డాలర్లు దాటకూడదని నిశ్చయించుకుని, లారీల షెడ్డులో కాఫీ వేళకి ట్యాబ్ తెరిచాడు. పక్కన ఓర్లిన్ హౌగెన్ ఉన్నాడు. ఓర్లిన్ రెండో లారీ నడుపుతాడు, ఒకటో తరగతి నుంచి ఆర్విడ్ స్నేహితుడు, పదేళ్ళుగా ఇంట్లో వాలుకుర్చీలోనే నిద్రపోతున్నాడు. రోలు వచ్చి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది వ్యవహారం.

"హైబ్రిడ్ అంటే ఏమిట్రా? మొక్కజొన్నలో విన్నాం, కార్లలో విన్నాం. పరుపుల్లో కూడానా?" అన్నాడు ఓర్లిన్.

"కింద స్ప్రింగులు, పైన ఫోమ్. గట్టిది కావాలన్నవాడికి గట్టిగా ఉంటుందట, మెత్తది కావాలన్నవాడికి మెత్తగా ఉంటుందట."

"అంటే ఇద్దరికీ నచ్చదన్నమాట. మన చర్చి కమిటీ తీర్మానంలాగ."

"ఇదిగో, దీంట్లో ఒళ్ళు చల్లబరిచే జెల్ పొర ఉందిరా. దానికి ఎనభై డాలర్లు అదనం."

ఓర్లిన్ కిటికీలోంచి బయట వేలాడుతున్న థర్మామీటర్ చూశాడు. సున్నాకి ముప్ఫై ఒకటి కింద ఉంది. "మనం కిటికీ తెరిస్తే చాలు కదరా, ఉచితం," అన్నాడు.

అలా మూడు వారాలు చదివారు. ఊళ్ళో బైబిలు కూడా ఎవరూ అంత శ్రద్ధగా చదివి ఉండరు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి ఒకటి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఒకటి, రెండొందల ముప్ఫై పౌన్లు దాటినవాళ్ళకి ఒకటి. ఆ చివరిది వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూసి పేజీ తిప్పేశారు. పరుపులకి మార్కులు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ వీడియోలో ఒక అమ్మాయి పరుపు మీద ఎర్ర వైను గ్లాసు నిలబెట్టి, దాని పక్కన గెంతింది. గ్లాసు కదల్లేదు.

"మంచం మీద వైనెందుకురా?" అన్నాడు ఓర్లిన్.

"గెంతడమెందుకు?" అన్నాడు ఆర్విడ్.

"పక్కమనిషి దొర్లినా మనకి తెలియదని చెప్పడానికట. దీనికి తొమ్మిదిన్నర మార్కులు వేశారు. అన్ని మార్కులు ఇంక దేనికీ రాలేదు. ఇదే తీసుకో."

ఆర్విడ్ వీడియో ఆపాడు. తర్వాత, "తెలియకపోతే ఎలారా?" అన్నాడు.

"ఏం తెలియకపోతే?"

"ఆవిడ అక్కడుందని."

ఓర్లిన్ కాఫీలో చెంచా తిప్పాడు. అందులో పాలూ లేవు, పంచదారా లేదు. మా ఊళ్ళో ఒక మగవాడు ఇంకో మగవాడి ముందు ఇలాంటి మాట అంటే రెండోవాడు వెంటనే వాతావరణం సంగతి ఎత్తి పరువు కాపాడాలి. "రేపు గాలి ఎక్కువంటున్నారు," అన్నాడు ఓర్లిన్.

"అవునట," అన్నాడు ఆర్విడ్ కృతజ్ఞతగా.

మర్నాడు అతనికి కావలసింది దొరికింది. ఐదు వందల నలభై తొమ్మిది డాలర్లు. గట్టిదనానికి ఎనిమిది, అంచుల బలానికి ఎనిమిది, పక్కమనిషి కదలిక తెలియకపోవడానికి మాత్రం పదికి నాలుగు. కింద ఒహాయో నుంచి ఒకావిడ ఏడుపు రాసిపెట్టింది: "మా ఆయన అటు తిరిగితే నాకు ఇటు తెలుస్తోంది. నీళ్ళకి లేస్తే మంచమంతా ఊగుతోంది. రెండు స్టార్లు." ఆర్విడ్ ఆ మాటలు మూడుసార్లు చదువుకున్నాడు. మొహం వెలిగిపోయింది. ఆ పరుపునే ఎంచుకున్నాడు.

డబ్బు కట్టబోతుంటే తెర మూల చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. "హాయ్ సార్! నేను డెస్టినీని. ఈ వారం మా పరుపుతో పాటు రెండు తలగడలు ఉచితం. పంపించమంటారా?"

ఆర్విడ్ ఒంటి వేలితో కొట్టాడు. "అబ్బే, వద్దమ్మా."

"సరే సార్! మీ పాత పరుపు కూడా ఉచితంగా పట్టుకెళ్తాం. మనుషుల్ని పంపమంటారా?"

"వాళ్ళకెందుకు శ్రమ."

"సరే సార్! మీ ఆర్డరు వచ్చేసింది. హాయిగా నిద్రపోండి!"

కిటికీ మూసుకుపోయింది. ఆర్విడ్ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. ఓర్లిన్ వచ్చి సంగతి విని షెడ్డు అదిరేలా నవ్వాడు.

"ఆ పిల్ల ఏ అరిజోనాలోనో ఉంటుందిరా. వాళ్ళు ఒక్కసారే అడుగుతారు."

"ఒక్కసారి అడిగితే మనిషన్నవాడు జవాబెలా చెప్తాడ్రా?" అన్నాడు ఆర్విడ్. నిజంగానే అతనికి అర్థం కాలేదు.

పరుపు బుధవారం వచ్చింది. పరుపంటే పరుపు కాదు, నడుమెత్తు పెట్టె. గాలంతా పీల్చేసి, చుట్ట చుట్టి అందులో కుక్కారు. ఆ వేళ ఆర్విడ్ రోడ్డు మీద ఉన్నాడు, లవోన్ స్కూల్లో ఉంది. తెచ్చినవాడు పెట్టెని ఇంటి ముందు, రోడ్డు వారన దించి పోయాడు. ఆర్విడ్ ఉండే వీధిలో మంచు తోసే వంతు ఓర్లిన్‌ది. ఓర్లిన్ తన పని తను శుభ్రంగా చేశాడు. పెట్టె మీద నాలుగడుగుల మంచు తోసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసి పారలతో దాన్ని తవ్వి తీశారు. సున్నాకి ఇరవై ఎనిమిది కింద, ఏడు గంటలు మంచులో ఉన్న పెట్టె. మెట్ల మీదుగా పైకి ఈడ్చుకుంటూ తెచ్చి, పాత పరుపుని లాగి నడవాలో గోడకి చేరేసి, కొత్తదాన్ని మంచం మీద పెట్టి ప్లాస్టిక్ కోశారు. కోసిన మరుక్షణం బుస్సుమని లేచి పొంగుతుందని వీడియోలో చూపించారు. ఇది లేవలేదు. గడ్డకట్టిన పెద్ద చేపలా బిగుసుకుని పడుంది. ఓర్లిన్ వేలితో పొడిచి చూశాడు.

"పోయిందంటావా?"

"చలి పట్టిందిరా, అంతే," అన్నాడు ఆర్విడ్. గొంతులో నమ్మకం లేదు.

లవోన్ ఇంటికొచ్చి మేడెక్కేసరికి, తన జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకుని ఒక ముసలాయన పరుపు తల వైపు, ఇంట్లో గది వేడి చేసే చిన్న హీటర్ పట్టుకుని ఇంకో ముసలాయన కాళ్ళ వైపు నిలబడి ఉన్నారు. ఆమె గుమ్మంలో ఆగి మొత్తం చూసింది.

"కొత్తగా ఉందే," అంది.

మా ఊళ్ళో అంతకన్నా కఠినమైన మాట లేదు. ఓర్లిన్ వెంటనే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పరుపు మాత్రం పోలేదు. తెల్లారేసరికి స్ప్రింగులు ఒక్కొక్కటే టక్కు టక్కుమంటూ మేలుకుని, పన్నెండంగుళాల మందాన నిండుగా లేచి కూర్చుంది. లవోన్ ఉతికిన దుప్పట్లు పరిచింది, వాళ్ళ అమ్మమ్మ కుట్టిన బొంత మీద కప్పింది, అంచులు లోపలికి దోపింది. ఆర్విడ్ ఆశగా తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"బాగుంది. నీ నడుముకి మంచిది," అంది లవోన్. పరుపుని రెండుసార్లు తట్టి కుట్టుమిషను గదిలోకి వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాయి. ఆర్విడ్ అంత మంచం మీద ఒక్కడే పడుకున్నాడు. గొయ్యి కూడా లేదు, కనీసం తను పడి ఉండడానికి ఒక చోటంటూ లేదు. పాత పరుపు నడవాలో రెండు గదుల మధ్య అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తీసుకుపోయేవాళ్ళని వద్దన్నాడు కదా. అటు నుంచి ఆమె, ఇటు నుంచి ఇతను వస్తే ఒకరికొకరు దారిస్తూ, "నువ్వెళ్ళు," "లేదు, నువ్వే వెళ్ళు," అనుకుంటూ ఇద్దరూ వెనక్కే పోయేవారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనం కాగానే ఆర్విడ్ ట్యాబ్ తీశాడు. వంద రోజుల్లోపల నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నారు. చిన్న కిటికీ తెరుచుకుంది. మళ్ళీ ఆ పిల్లే.

"హాయ్ సార్! వెనక్కి ఇచ్చేస్తారా? అయ్యో! ఏమైంది, మరీ మెత్తగా ఉందా? మరీ గట్టిగా ఉందా?"

"రెండూ కాదు. పరుపు బానే ఉంది."

"మరేమిటి సార్?"

ఆర్విడ్ వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. డెస్టినీ ఎక్కడో వెయ్యిన్నర మైళ్ళ అవతల ఉంది కాబట్టి, మొహం కనపడదు కాబట్టి, నిజం కొట్టేశాడు. "మా ఆవిడ రాలేదు."

అవతల మూడు చుక్కలు లేస్తూ పడుతూ చాలాసేపు ఉన్నాయి.

"ఆవిణ్ణి రమ్మని అడిగారా సార్?"

"అడిగాను. రెండుసార్లు. వద్దంది."

పంపేసి, తను కొట్టిన మాటలు తనే చూసుకున్నాడు. రెండుసార్లు. చెవులు వేడెక్కాయి. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో రెండోసారి అడిగితే తనెప్పుడైనా కాఫీ తాగాడా? సగం మునిగిన లారీలోంచి రెండోసారికి బయటికి వచ్చాడా? గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు. మూడు వారాలు చదివి, ఐదు వందల నలభై తొమ్మిది డాలర్లు పోసి, మంచులోంచి తవ్వి తెచ్చాడు.

"సార్, ఉన్నారా? మరి పరుపు వెనక్కి తీసుకోమంటారా?"

"వద్దు."

"సరే సార్!" అని డెస్టినీ వెళ్ళిపోయింది. ఒక్కసారే అడిగే మనుషుల వల్ల కూడా లోకంలో ఉపయోగం ఉందని ఆర్విడ్‌కి మొదటిసారి తోచింది.

మేడెక్కి, నడవాలో పాత పరుపుని భుజంతో తోసి, తన సొంత ఇంట్లో తలుపు కొట్టి నిలబడ్డాడు. లవోన్ ఒంటి మంచం అంచున కూర్చుని స్కూలు వంటగది ఏప్రనుకి బొత్తం కుడుతోంది. కిటికీలోంచి ఎండ, మంచు మీద పడి వచ్చే తెల్లటి ఎండ, ఆమె చేతుల మీద ఉంది.

"కింద కాఫీ ఉంది," అన్నాడు. అది కాదు చెప్పాలనుకున్నది. గొంతు సవరించుకున్నాడు. "లవోన్, నువ్వు మన మంచం మీదకి వచ్చెయ్. నువ్వు లేకపోతే నాకు బాగా లేదు."

లవోన్ దారం కొరికి, సూదిని గుచ్చి పెట్టింది. కళ్ళజోడు తీసింది.

"రెండోసారి నువ్వు అడిగింది జనవరి ఆరో తారీఖున. పప్పు సూపు చేశాను," అంది. "ఇవాళ మార్చి రెండు."

ఆర్విడ్ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టబోయాడు.

"రోజూ నువ్వు మెట్లెక్కుతుంటే చెవులొగ్గి వినేదాన్ని. ఇవాళ అడుగుతాడు, ఇవాళ అడుగుతాడని. నువ్వు చూస్తే పరుపు తెచ్చావు, ఓర్లిన్‌ని తెచ్చావు. ఒక్కడివీ హాయిగా ఉన్నావేమో అనుకున్నాను." ఆమె ఒంటి మంచాన్ని అరచేత్తో తట్టింది. "ఈ మంచం ఎంత ఇరుకో తెలుసా నీకు?"

"మరి నువ్వే వచ్చెయ్యొచ్చు కదా?"

"మూడోసారి అడక్కుండానా!" లవోన్ నిజంగా అదిరిపడింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా నార్డ్‌బీలో అమ్మ కూడా రెండుసార్లు అడిగితే వినిపించుకోదు.

ఆర్విడ్ వంగి ఆమె తలగడ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. లవోన్ లేచి ఏప్రను మడతపెట్టింది. "సరే, ఎలాగూ అంత పరుపు కొన్నానంటున్నావు కదా. కాసేపు," అంది.

పట్టపగలు, ఆదివారం మధ్యాహ్నం, బయట ఓర్లిన్ లారీ వీధి శుభ్రం చేస్తున్న చప్పుడు వినిపిస్తుండగా ఇద్దరూ బొంత కింద వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూశారు. కాసేపటికి లవోన్ ఇటు తిరిగింది. పరుపంతా పడవలా ఊగింది. ఆర్విడ్ బెత్తెడు పైకి లేచి కిందపడ్డాడు. ఆ వెంటనే రెండు మంచుగడ్డలు వచ్చి అతని పిక్కలకి ఆనాయి.

"అబ్బా," అన్నాడు. రెండు నెలల అబ్బా అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదేమిటి, నేనిటు తిరిగితే నువ్వు ఎగిరిపడుతున్నావు? ఈ పరుపు మంచిది కాదేమో ఆర్విడ్. వెనక్కిచ్చేద్దామా?"

"వద్దు."

"నీ నిద్ర పాడవుతుంది. పొద్దున్నే లారీ నడపాలి. కదలనిది ఇంకోటి కొనుక్కుందామా?"

"వద్దు లవోన్."

లవోన్ మోచేతి మీద లేచింది. మంచం మళ్ళీ ఊగింది. ఆమె ఊపిరి తీసుకుని నోరు తెరవబోతుంటే, ముప్ఫై ఆరేళ్ళలో మొదటిసారి ఆర్విడ్ ఆమె మాటకి అడ్డం వచ్చాడు.

"మూడోసారి మాత్రం అడక్కు," అన్నాడు.